పొట్ట ఆపరేషన్ తర్వాత నొప్పికి వేసే బ్లాకు: ఐదుకి మూడున్నర

మాది ఆత్రేయపురం, పూతరేకులు చుడతాను. గర్భసంచిలో గడ్డలున్నాయని పోయిన నెల రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పొట్ట కోసి సంచి తీసేశారు. 1999లో నాకు సిజేరియన్ అయింది. అప్పుడు దగ్గొస్తే ప్రాణం పోయినంత పనయ్యేది. అందుకే ఈసారి ఆపరేషన్ కన్నా తర్వాతి నొప్పికే ఎక్కువ టెన్షన్ పడ్డాను.

వెన్నులో మత్తిచ్చారు కాబట్టి మెలకువగానే ఉన్నాను. కుట్లు వేశాక మత్తు డాక్టరు గారు నడుం పక్కన స్కానింగ్ పెట్టి, "ఇటు చూడండమ్మా" అని తెర నావైపు తిప్పారు. పొట్ట పక్కన కండ మూడు పొరలుగా ఉంది, అచ్చం రేకు మీద రేకు. లోపలి రెండు పొరల మధ్య నరాలు ఉంటాయట. సూది అక్కడ ఆపి మందు వదలగానే పొరలు విడిపోయి మధ్యలో నల్లగా మడుగు కట్టింది. రేకు చిరగకుండా నెయ్యి రాసేదాన్ని, ఆ చేతి నిలకడ చూసి ముచ్చటేసింది. ఒక్కో పక్క 20 ఎం.ఎల్. రోపివకైన్, అంటే ఆ నరాల్ని మొద్దుబార్చే మందు. దీన్ని ట్యాప్ బ్లాక్ అంటారు.

సాయంత్రం కాళ్లు కదిలాయి గానీ కోత దగ్గర పొట్ట నాది కానట్టే ఉంది. దిండు అదుముకుని దగ్గాను కూడా. లోపల మెలిపెట్టే నొప్పి మాత్రం పోలేదు. ఈ మందు పైచర్మం, కండల నొప్పినే ఆపుతుందని, లోపలి నొప్పికి పని చేయదని మర్నాడు చెప్పారు. ముందే చెప్పుంటే ఏదో తేడా చేసిందని హడలిపోయేదాన్ని కాదు.

అసలు కష్టం రాత్రి ఒంటిగంటకి. బ్లాకు దిగిపోయింది. ఒక్కసారి ఇచ్చే మందు కొన్ని గంటలే కాస్తుంది, అది దిగకముందే నొప్పి మందు అందాలి. నర్సమ్మాయి "డ్యూటీ డాక్టరు గారు రాయాలండి" అంది. ఆయన వచ్చేసరికి ముప్పావుగంట. మా ఆడపడుచు నా చెయ్యి పట్టుకుని గోడ గడియారమే చూస్తూ కూర్చుంది.

ఆ ముప్పావుగంటకి ఒక స్టారు, ముందు మాటవరసకైనా చెప్పకుండా బిల్లులో వేసిన 3,000కి అర స్టారు కోశాను. అయినా మర్నాడు పొద్దున్నే బాత్‌రూంకి నా కాళ్ల మీద నేనే నడిచాను. సిజేరియన్ అప్పుడు దానికి మూడు రోజులు పట్టింది.

మా తోడికోడలికి వచ్చే వారం హెర్నియా ఆపరేషన్. బ్లాకు వేయించుకోమన్నాను. రాత్రికి ఇవ్వాల్సిన మందు సాయంత్రమే కేసు షీటులో రాయించుకోమని కూడా చెప్పాను.