దీర్ఘకాలిక దద్దుర్ల రక్తపరీక్షల ప్యాకేజీ: డి-డైమర్ ఉంది, వివరణే లేదు

ఆరు వారాలు దాటినా దద్దుర్లు వస్తూ పోతూ ఉంటే వైద్యులు దాన్ని క్రానిక్ అర్టికేరియా అంటారు. ఈ బాధ ఉన్నవారి కోసమేనంటూ హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ల్యాబు అమ్ముతున్న రక్తపరీక్షల ప్యాకేజీని ఇటీవల చేయించుకున్నాను. సీబీసీ (రక్తకణాల లెక్క), ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ అంటే వాపు, మంట ఉన్నాయేమో చెప్పే ఈఎస్ఆర్, సీఆర్పీ, థైరాయిడ్ యాంటీబాడీలు, అలర్జీలో పాత్ర ఉండే ఐజీఈ యాంటీబాడీ మొత్తం, రక్తం గడ్డకట్టే ప్రక్రియ ఆనవాలు చూపే డి-డైమర్, వీటికి తోడు ఆహారపదార్థాల అలర్జీ పట్టిక ఒకటి ఇందులో ఉన్నాయి. ఇలాంటి ప్యాకేజీలలో సాధారణంగా కనిపించని డి-డైమర్ ఉండడమే దీన్ని ఎంచుకోవడానికి కారణం.

దద్దుర్లకూ రక్తం గడ్డకట్టడానికీ సంబంధం ఏమిటన్న సందేహం సహజమే. చర్మంలోని మాస్ట్ కణాలనే రోగనిరోధక కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని వదిలినప్పుడు సన్నని రక్తనాళాల గోడలు సడలి, ప్లాస్మా బయటికి ఊరి, ఆ చోట చర్మం ఉబ్బుతుందన్నది పాత సంగతి. ఇటలీలోని మిలాన్ ప్రాంతానికి చెందిన అసేరో, టెడెస్కి, కున్యో తదితరులు 2006లోనూ ఆ తర్వాతా ప్రచురించిన పరిశోధనలు దీనికి మరో అంచె చేర్చాయి. ఈ రోగుల ప్లాస్మాలో రక్తాన్ని గడ్డకట్టించే త్రాంబిన్ అనే ఎంజైము తయారవుతున్న ఆనవాళ్లు ఉన్నాయనీ, దద్దురు లేచిన చోట చేరే ఇయోసినోఫిల్ అనే తెల్ల రక్తకణాలు టిష్యూ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్‌ను బయటపెట్టి ఆ ప్రక్రియను మొదలుపెడుతున్నాయనీ వారు చూపించారు. అలా పుట్టిన త్రాంబిన్ రక్తనాళాల గోడలను ఇంకా సడలించడమే కాక మాస్ట్ కణాలను కూడా రెచ్చగొట్టగలదు. అంటే ఇన్‌ఫ్లమేషన్ గడ్డకట్టే ప్రక్రియను లేపితే, ఆ ప్రక్రియ తిరిగి ఇన్‌ఫ్లమేషన్‌ను పెంచుతుందన్నమాట. త్రాంబిన్ అల్లిన ఫైబ్రిన్ పోగులను శరీరం కరిగించుకునేటప్పుడు మిగిలే తునకలే డి-డైమర్. జబ్బు ఉధృతంగా ఉన్నవారిలో ఇదీ, సీఆర్పీ కూడా పెరిగి కనిపించడం, మామూలు యాంటీహిస్టమిన్ మాత్రలకు లొంగని వారిలో డి-డైమర్ ఎక్కువగా ఉండే ధోరణి, ఐజీఈని అడ్డుకునే ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్‌తో దద్దుర్లు తగ్గినవారిలో అది దిగిరావడం పలు అధ్యయనాలలో నమోదయ్యాయి. ఈ నేపథ్యం తెలిసినవారికి ఆ పరీక్ష పనికొస్తుంది.

ఇక సేవ విషయం. రక్తం తీసుకోవడానికి ఇంటికి వచ్చిన యువకుడి పనితనంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. డి-డైమర్ కోసం తీసే లేత నీలం మూత గొట్టంలో సోడియం సిట్రేట్ ఉంటుంది. ఒక వంతు సిట్రేటుకు తొమ్మిది వంతుల రక్తం చేరాలి కాబట్టి గొట్టాన్ని గీత దాకా నింపాలి. అతడు సరిగ్గా గీత దాకా నింపి, గొట్టాన్ని గట్టిగా ఊపకుండా మెల్లగా తలకిందులు చేసి కలిపాడు. చేతికి పట్టీ కూడా ఎక్కువసేపు బిగించి ఉంచలేదు. నివేదిక చెప్పిన సమయానికే ఫోనుకు వచ్చింది.

అయితే రక్తం తీయడానికి ముందు పంపిన సందేశంలో అలర్జీ మాత్రలు కొన్నాళ్లు ఆపమని రాశారు. చర్మం మీద సూదితో గుచ్చి చేసే ప్రిక్ పరీక్షకు ఆ నియమం వర్తిస్తుంది గానీ, రక్తంలో ఐజీఈ చూడడానికి యాంటీహిస్టమిన్‌లు అడ్డు కావు. ఈ జబ్బు ఉన్నవారికి మాత్ర ఆపడమంటే రాత్రంతా గోక్కుంటూ కూర్చోవడమే. వేరే పరీక్ష కోసం రాసిన సందేశాన్ని అందరికీ పంపేయడం నిర్లక్ష్యం కాక మరేమిటి?

అసలు లోపం నివేదికలో ఉంది. నా డి-డైమర్ హద్దుకు కొంచెం పైన ఉండగా, దాని పక్కన ఎర్ర అక్షరాలతో ‘రక్తం గడ్డకట్టే ప్రమాదం’ అని అచ్చేశారు. మిల్లీలీటరుకు 500 నానోగ్రాముల ఎఫ్‌ఈయూ (డి-డైమర్‌ను కొలిచే ఒక యూనిట్) అనే హద్దు, కాలి సిరలలోనో ఊపిరితిత్తులలోనో గడ్డ ఉందన్న అనుమానం బలంగా లేనివారిలో దాన్ని కొట్టిపారేయడానికి ఉద్దేశించినది. అది దాటినంత మాత్రాన గడ్డ ఉన్నట్టు కాదు. వయసు పెరిగినా, గర్భిణిగా ఉన్నా, జ్వరం వచ్చినా, ఆపరేషన్ జరిగినా ఈ అంకె పెరుగుతుంది. పైగా కొన్ని ల్యాబులు ఎఫ్‌ఈయూలలో, కొన్ని డీడీయూలు అనే మరో యూనిట్లలో ఇస్తాయి; ఒకే రక్తానికి మొదటి అంకె రెండోదానికి దాదాపు రెట్టింపు. ఈ ఒక్క వాక్యం నివేదిక అడుగున రాసి ఉంటే, రెండు ల్యాబుల కాగితాలు పక్కపక్కన పెట్టుకుని హడలిపోయేవారు తగ్గుతారు.

ప్యాకేజీలో భాగంగా ఫోన్ చేసిన సలహాదారు మరో అడుగు ముందుకు వేసి, రక్తం చిక్కగా ఉందని, ఆస్పిరిన్ గురించి ఆలోచించమని చెప్పారు. ఆస్పిరిన్, ఐబూప్రోఫెన్ వంటి మందులు ఈ జబ్బు ఉన్నవారిలో కొందరికి దద్దుర్లను, పెదవుల వాపును రేపుతాయి. చర్మవ్యాధుల విభాగంలో మొదటి రోజే చెప్పే జాగ్రత్త అది. దద్దుర్లతో పాటు కనిపించే ఈ గడ్డకట్టే చురుకుదనానికి రక్తాన్ని పలుచన చేసే మందులు ప్రామాణిక చికిత్సలో లేవు. కొద్దిమంది మీద హెపారిన్, వార్ఫరిన్ ప్రయత్నించారే గానీ చికిత్స క్రమం ఇప్పటికీ యాంటీహిస్టమిన్‌లు, అవసరమైతే వైద్యుని పర్యవేక్షణలో నాలుగింతల మోతాదు వరకు, ఆపైన ఒమాలిజుమాబ్, తర్వాత రోగనిరోధక శక్తిని అణచే సైక్లోస్పోరిన్. ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా అది వేరే సంగతి. అప్పుడు ల్యాబుకు కాదు, ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఆహారపు పట్టిక గురించి ఎక్కువ చెప్పను. వంకాయ, గోంగూర, రొయ్యలు మానేయమని మన ఇళ్లలో ఎప్పటినుంచో చెబుతున్నదే రంగురంగుల కాగితం మీదికి ఎక్కింది. కారణం లేకుండా వచ్చే దీర్ఘకాలిక దద్దుర్లలో ఆహార అలర్జీ పాత్ర అరుదు. ప్యాకేజీ ధర ఇంతగా పెరగడానికి మాత్రం అదే కారణమని తోస్తుంది.

అందువల్ల ఈ ప్యాకేజీని మొత్తంగా కొనమని చెప్పలేను. అంతర్జాతీయ మార్గదర్శకాలు మొదట కోరేవి సీబీసీ, సీఆర్పీ లేదా ఈఎస్ఆర్. నిపుణుల దగ్గరికి వెళ్లాక మొత్తం ఐజీఈ, థైరాయిడ్ టీపీవో యాంటీబాడీ. వీటిని విడివిడిగా చేయించుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది. ఒక్కో దద్దురు ఇరవై నాలుగు గంటలు దాటినా పోకుండా, మంటపెట్టి, కమిలిన మచ్చ మిగిల్చి పోతుంటే ఏ ప్యాకేజీ కొనకుండా చర్మవైద్యునికి చూపించాలి, బయాప్సీ అవసరం కావచ్చు. జబ్బు తీవ్రతను కొలవడానికి రోజూ దురదకు 0 నుంచి 3, దద్దుర్ల సంఖ్యకు 0 నుంచి 3 వేసుకుని వారానికి 42కు లెక్కగట్టే యూఏఎస్7 పట్టిక ఉచితం, వైద్యులు చికిత్స మార్చేటప్పుడు చూసేదీ అదే. డి-డైమర్‌ను వైద్యుడు కోరితేనే చేయించుకోవాలి, మళ్లీ చేయించుకోవలసి వస్తే అదే ల్యాబులో, అదే యూనిట్లలో చేయించుకోవాలి. ఆ పని వరకు ఈ ల్యాబును నమ్మవచ్చు. సలహాదారు ఫోన్ చేస్తే మాత్రం ఎత్తనవసరం లేదు.