45 రోజుల స్పోకెన్ ఇంగ్లీష్ బ్యాచ్: ఫీజు 6 వేలు, పనికొచ్చింది రెండు క్లాసులు

అమీర్‌పేట్‌లో మైత్రీవనం వెనక సందుల్లో ఉన్న బోలెడు ఇన్‌స్టిట్యూట్లలో ఒకటి. పేరు రాయట్లేదు, ఎందుకంటే అక్కడ పాఠం చెప్పిన ఒక పెద్దాయన మీద నాకు గౌరవం ఉంది, మిగతా వాళ్ళ మీద కోపం ఉంది, రెండూ ఒకే బోర్డు కింద ఉన్నాయి మరి. నేను ఆఫీసులో మూడేళ్ళు డేటా ఎంట్రీలో ఉండి కొత్తగా క్లయింట్ కాల్స్ టీమ్‌లోకి మారాను, అక్కడ నోరు తెరవాలంటే భయం, అందుకని జాయిన్ అయ్యా.

ముందు ఫీజు 8 వేలన్నారు, ఈరోజే కడితే 6 వేలన్నారు, కట్టేశా. డెమో చెప్పినాయన మళ్ళీ కనపడలేదు. బ్యాచ్‌కి 30 మందే అన్నారు, రెండో వారానికి వెనక నిలబడి వినేవాళ్ళు కూడా ఉన్నారు. లిఫ్ట్ ఉంది కానీ పనిచేయదు, నాలుగో ఫ్లోరు. మొదటి రెండు వారాలు వెర్బ్ ఫారమ్స్ బట్టీ, గో వెంట్ గాన్, ఇది మా ఊళ్ళో ఆరో క్లాసులోనే అయిపోయింది కదా అనిపించింది.

మూడో వారం మా సార్ రాలేదని ఒక పెద్దాయన్ని పంపారు. ఆయన వచ్చీ రాగానే బోర్డు మీద తెలుగులో రాశారు, "వాడు రేపు వస్తానన్నాడు". దీన్ని ఇంగ్లీష్‌లో చెప్పండి అన్నారు. నేనే లేచా, "హీ టోల్డ్ దట్ ఐ విల్ కమ్ టుమారో" అన్నా. ఆయన నవ్వకుండా అడిగారు, "ఇంతకీ వచ్చేది ఎవరమ్మా, వాడా నువ్వా?" క్లాసంతా నవ్వింది, నాకు మాత్రం బుర్రలో లైట్ వెలిగింది. మనం తెలుగులో వాడి మాటని వాడు అన్నట్టే ఉంచేస్తాం, వస్తాను అనేది వాడి నోటి మాట, దాని వెనక 'అని' తగిలిస్తే పని అయిపోతుంది. ఇంగ్లీష్‌లో అలా కుదరదు, మాటని మన వైపు తిప్పుకోవాలి, "హీ సెడ్ దట్ హీ వుడ్ కమ్". పైగా మన 'అని' మాటకి తోకలో వస్తుంది, వాళ్ళ 'దట్' తలలో వస్తుంది. ఇన్నాళ్ళూ నేను తోకని తీసుకెళ్ళి తలకి అతికిస్తున్నా.

ఇంకో తప్పు టెల్. టెల్ అంటే ఎవరికి చెప్పామో ఆ మనిషిని పక్కనే కూర్చోబెట్టాలంట, "హీ టోల్డ్ మీ దట్", సే కి ఆ మనిషి అక్కర్లేదు. ఇన్ఫార్మ్ కూడా టెల్ బ్యాచే. మా ఆఫీసులో రోజూ అందరూ మెయిల్లో "దిస్ ఈజ్ టు ఇన్ఫార్మ్ దట్" అని మొదలుపెడతాం, నేను అదే చెప్తే ఆయన "ఎవరికి ఇన్ఫార్మ్ చేస్తున్నావు, గోడకా? యూ పెట్టు మధ్యలో" అన్నారు. సజెస్ట్‌కి తిరగేసి, దాని వెనక మనిషిని పెట్టి టు అనకూడదు, "హీ సజెస్టెడ్ దట్ ఐ టేక్ లీవ్" అనాలి, ఇది మాత్రం నాకు ఇప్పటికీ నోరు తిరగదు.

అసలు విషయం రెండో రోజు. వాంట్ తర్వాత దట్ రాదు అని చెప్పారు. మా అమ్మ నేను రావాలని అంటోంది అనడానికి "మై మదర్ వాంట్స్ దట్ ఐ షుడ్ కమ్" అనకూడదు, "వాంట్స్ మీ టు కమ్" అనాలి. అప్పుడు వెనక నించి ఒక అబ్బాయి లేచి, మరి అందరూ "ఐ వాంట్ టు సే దట్" అంటారు కదా సార్, అక్కడ వాంట్ తర్వాత దట్ వచ్చిందిగా అన్నాడు. సార్ మొహం వెలిగిపోయింది. బోర్డు మీద ఆ ముక్క రాసి, దట్ నుంచి ఒక బాణం గీశారు, బాణం వాంట్ దాకా వెళ్ళకుండా సే దగ్గరే ఆగింది. "దట్‌ని పట్టుకున్నది వాంట్ కాదు నాయనా, సే. దాని ముందు టు పెట్టు, చివర ఇంగ్ తగిలించు, సెడ్ అని మార్చు, సే అలవాటు సే దే." అంతే, నాకు 6 వేలు అక్కడే వసూలైపోయాయి. ఐయామ్ గ్లాడ్ టు నో దట్, ఐ రిగ్రెట్ టు ఇన్ఫార్మ్ యూ దట్, అన్నిట్లో ముందున్న మాటతో పనిలేదు, టు పక్కనున్న వెర్బ్‌ని చూసుకుంటే చాలు. మన కాలేజీల్లో ఇచ్చే కాండక్ట్ సర్టిఫికెట్ గుర్తుందా, "దిస్ ఈజ్ టు సర్టిఫై దట్", అది కూడా అదే, చిన్నప్పటి నించి చూస్తున్నాం, ఒక్కడూ అడగలేదు ఆ టు ఏంటి ఆ దట్ ఏంటి అని.

ఇంకోటి, పలకడం. "సారీ టు హియర్ దట్" అని అక్కడితో ఆపేస్తే ఆ దట్ అంటే 'అది', కాబట్టి ద్యాట్ అని నిండుగా పలకాలి. అదే "సారీ టు హియర్ దట్ యువర్ ఫాదర్ ఈజ్ నాట్ వెల్" అంటే ఆ దట్‌ని నాలుక ఊరికే తాకి వెళ్ళిపోవాలి, మామూలు మాటల్లో చాలాసార్లు అసలు ఉండదు కూడా, "ఐ థింక్ హీ ఈజ్ రైట్" అంటే సరిపోతుంది. నేనేమో కాల్‌లో ప్రతిసారీ "ఐ వాంట్ టు సే ద్యాట్..." అని గట్టిగా అని అక్కడ ఆగి ఊపిరి పీల్చుకుని తర్వాతి ముక్క వెతుక్కునేదాన్ని. సార్‌కి చెప్తే, తెలుగులో "నేను చెప్పేదేంటంటే" అని ఆగుతావు చూడు, అదే నువ్వు చేస్తున్నది అన్నారు. నిజమే. 'అని' తోకలో ఉంటుంది కానీ 'ఏంటంటే' ముందే వస్తుంది, అచ్చం దట్ లాగా. అందుకే ఇంగ్లీష్‌లో మాట్లాడేటప్పుడు 'అని'తో ఆలోచించకుండా 'ఏంటంటే'తో ఆలోచించమన్నారు. వినడానికి చిన్న చిట్కాలా ఉంది కానీ నాకు పనిచేసింది. పోయిన వారం కాల్‌లో "జస్ట్ కాలింగ్ టు లెట్ యూ నో ద షిప్‌మెంట్ ఈజ్ డిలేడ్" అని ఆగకుండా అనేశా, దట్ కూడా లేకుండా, అవతల ఆమె మామూలుగా ఓకే అంది, నాకేమో ఫోన్ పెట్టాక చేతులు వణికాయి.

ఆ రెండు రోజుల తర్వాత పెద్దాయన మళ్ళీ రాలేదు. రిసెప్షన్‌లో అడిగితే ఆయన రెగ్యులర్ కాదు మేడమ్ అన్నారు. మిగతా మూడు వారాలు గ్రూప్ డిస్కషన్ అని సెల్‌ఫోన్ మంచిదా చెడ్డదా, పల్లె మేలా పట్నం మేలా, ఐదుగురు అరుస్తారు, మిగతా వాళ్ళు వాట్సాప్ చూసుకుంటారు. క్లాస్ రికార్డింగులు ఇస్తామన్నారు, ఒక్కటీ ఇవ్వలేదు. ఎవరన్నా చేరాలనుకుంటే డెమోలో చెప్పినాయనే చివరిదాకా చెప్తాడా అని అడిగి, కాగితం మీద రాయించుకుని అప్పుడు కట్టండి, ఈరోజే కడితే తగ్గింపు అనేది రేపు కూడా ఉంటుంది, కంగారేం లేదు. ఐదుకి రెండు స్టార్లు, ఆ రెండూ ఆయనవే.

చివర్లో సర్టిఫికెట్ ఇచ్చారు, మీదే పెద్ద అక్షరాల్లో "దిస్ ఈజ్ టు సర్టిఫై దట్" అని ఉంది, దాని తర్వాత నా పేరులో ఒక అక్షరం తప్పు పడింది. మార్చి ఇవ్వడానికి 200 అడిగారు. నేనే పెన్నుతో దిద్దుకున్నా.