60 వాట్ల ఎల్‌ఈడీ లైటుతో నాలుగేళ్ళు: ఇంటర్వ్యూలు తీసేవాడి మాట

ఈ లైటు కొని నాలుగేళ్ళు దాటింది. 60 వాట్ల సీఓబీ (చిన్న చిప్పులన్నీ ఒకే పలక మీద దగ్గరగా ఉండే రకం) ఎల్‌ఈడీ, పగటి రంగు 5600 కెల్విన్ ఒక్కటే, బోవెన్స్ మౌంట్, అంటే సాఫ్ట్‌బాక్సు లాంటివి ముందు తగిలించే పట్టు. దాంతోపాటు వెలుగుని మెత్తబరిచే గుడ్డ డబ్బా, అదే 90 సెంటీమీటర్ల సాఫ్ట్‌బాక్స్, ఒక స్టాండు. కంపెనీ పేరు చెప్పను. ఇవే కొలతలతో బజార్లో చాలా రకాలున్నాయి, నేను చెప్పబోయేది వాటిలో దేనికైనా చాలావరకు పనికొస్తుంది.

రాజమండ్రి చుట్టుపక్కల పెద్దవాళ్ళని కూర్చోబెట్టి గంట, గంటన్నర మాట్లాడించి వీడియో రికార్డు చేయడం నా పని. నేతపనివాళ్ళు, పద్యనాటకాలు ఆడినవాళ్ళు, రిటైరైన మేష్టార్లు. స్టూడియో లేదు. ఎవరింట్లో వాళ్ళ పడక్కుర్చీయే సెట్టు.

60 వాట్లు సరిపోతాయా అని అందరూ అడుగుతారు. కొనేముందు నాకూ అదే బెంగ. సాఫ్ట్‌బాక్సుని ముఖానికి మీటరు దూరంలో పెట్టుకుంటే, ఐఎస్‌ఓ (కెమెరా వెలుగుని పట్టే సున్నితత్వం) 400 దగ్గర, ఎఫ్ 4 (లెన్సు కన్ను తెరుచుకునే కొలత) తో తీసినా సగం పవర్ కంటే పెంచాల్సిన అవసరం నాకు దాదాపు రాలేదు. దూరం జరిపితేనే తంటా. రెట్టింపు దూరానికి వెళ్తే వెలుగు ఇంచుమించు నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే ఫ్రేములో కనపడనంత వరకు దగ్గరికి తోసేస్తాను. ఇందులో ఇంకో లాభం ఉంది. ముఖం మీద వెలుగు బాగా పడి వెనక గోడ దానంతటదే చీకట్లోకి పోతుంది. కరెంటు మీటరు, వైర్లు, మూడేళ్ళ నాటి క్యాలెండరు, అన్నీ మాయం. దగ్గరున్న పెద్ద సాఫ్ట్‌బాక్సు వెలుగు మెత్తగా కూడా ఉంటుంది. అదే సాఫ్ట్‌బాక్సు మూడు మీటర్లు దూరం జరిగితే ముక్కు నీడ గీత గీసినట్టు పడుతుంది.

నన్ను ఎక్కువ ఏడిపించింది నా లైటు కాదు, ఇంట్లో అప్పటికే ఉన్న లైట్లు. మొదటి నెల ట్యూబులైటు ఆర్పకుండా తీశాను. నా లైటు పడిన చెంప బాగానే ఉంది, రెండో చెంప ఆకుపచ్చగా వచ్చింది. పైగా కెమెరా సెకనుకు 30 ఫ్రేములు, షట్టరు (ఒక్కో ఫ్రేముకి వెలుగు పట్టే సమయం) సెకనులో 1/60 వంతులో ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్, చోక్ ఉన్న ట్యూబులైటు సెకనుకు వందసార్లు మినుకుతుంది. గోడ మీద నల్ల పట్టీలు గంటన్నర పాటు పాకుతూనే ఉన్నాయి. ఆ వీడియో ఇప్పటికీ అలాగే పడి ఉంది. అప్పట్నుంచి ఆ మినుకుకి సరిపోయేలా 25 ఫ్రేములు, 1/50. ఇంట్లో అడుగుపెట్టగానే ముందు స్విచ్‌బోర్డు దగ్గరికే వెళ్తాను. "కరెంటు ఉండగా ఆర్పేస్తావేంటి బాబూ" అని అడగని ఇల్లు లేదు.

తర్వాతి శత్రువు గోడ రంగు. మన వైపు లేత ఆకుపచ్చ, ఆకాశనీలం గోడలంటే మహా మోజు. సాఫ్ట్‌బాక్సు వెలుగు ఆ గోడకి తగిలి, ఆ రంగుని మోసుకొచ్చి నీడ వైపు చెంపకి పులుముతుంది. ఎడిటింగులో దీన్ని సరిచేయబోతే మొత్తం ముఖమే పాడవుతుంది. నా దగ్గరున్న మందు ఒక పాత నల్ల గొంగళి. నీడ వైపు కుర్చీ మీదో కిటికీ ఊచలకో వేలాడదీస్తే గోడ రంగు ఆగిపోతుంది, ముఖంలో లోతు కూడా వస్తుంది. ఆ నీడ మరీ చిక్కగా ఉందనిపిస్తే గొంగళి తీసి, వెలుగుని ముఖం మీదికి తిప్పికొట్టేలా థర్మాకోల్ షీటు పెడతాను. షూటింగుల్లో లైట్‌మెన్ వాడే రకమే, స్టేషనరీ షాపులో దొరుకుతుంది. అచ్చం ఈ రెండింటి వల్లే రెండో లైటు కొనలేదు.

కళ్ళజోడు సంగతి విడిగా చెప్పాలి. ఒక మేష్టారిని తీస్తుంటే అద్దాల్లో రెండు తెల్లటి డబ్బాలు, వెనక కళ్ళు కనపడవు. తీసేయమంటే ఆయన "అది లేకపోతే నాకు మాట తోచదయ్యా" అన్నారు. లైటుని ఇంకాస్త పైకి లేపి, పక్కకి జరిపి, కళ్ళజోడు కాడల్ని చెవుల మీద అర అంగుళం ఎత్తమన్నాను. అద్దాలు కిందకి వంగి డబ్బాలు పోయాయి. మరీ పైకి లేపితే కళ్ళు గుంటల్లో పడతాయి, కంట్లో మెరుపు పోయి మనిషి నిద్రమొహంతో కనపడతాడు. ఆ మెరుపు కనపడేంత వరకు తిరిగి దించాలి.

నల్లగా ఉన్నవాళ్ళకి లైటు పెంచేయాలనుకోవడం చాలామంది చేసే పొరపాటు, నేనూ చేశాను. ఆ ముఖాన్ని చూపించేది చర్మం మీది మెరుపే. సాఫ్ట్‌బాక్సుని పక్క నుంచి కాస్త ఏటవాలుగా పెడితే చెంప ఎముక, నుదురు వాటంతటవే తేలతాయి. పౌడరు అద్దితే బూడిద రాసినట్టుంటుంది, చెమటని తువ్వాలుతో ఒత్తితే చాలు. కెమెరా తనంతట తానే వెలుగు సరిచేసుకునే ఆటో ఎక్స్‌పోజర్‌ని మాత్రం నమ్మొద్దు. ఒంటిమీద తెల్ల లాల్చీ ఉంటే కెమెరా దాన్ని చూసి ముఖాన్ని చీకటి చేసేస్తుంది.

ఈ లైటు చేతులెత్తేసిన రోజొకటుంది. ఉప్పాడలో జాందానీ చీరలు నేసే పెద్దాయన. గుంట మగ్గం, కాళ్ళు గుంటలో, మనిషి నేల మట్టానికి. స్టాండు ఎంత దించినా సాఫ్ట్‌బాక్సు ఆయన నెత్తి మీదే. చివరికి స్టాండు పక్కన పెట్టి, లైటుని ముక్కాలిపీటకి తాడుతో కట్టి వెలిగించాను. రెండు నిమిషాలు నేసి ఆయన చెయ్యాపేశారు. "బాబుగారూ, మీ దీపం జరీ మీద కొట్టి కళ్ళు చెదురుతున్నాయండీ. పోగు తెగితే ఎలా తెలుస్తదండీ నాకు?" అన్నారు. అప్పుడు చూశాను. మగ్గానికి ఎడమ పక్క కిటికీ, దాని వెలుగు సరిగ్గా ఆయన చేతుల మీద, అక్కణ్నుంచి ముఖం మీద. మగ్గం పాతినప్పుడే వెలుగు చూసుకుని పాతారు. నా లైటు ఆపేసి, కుడి పక్క థర్మాకోల్ పెట్టి మొత్తం కిటికీ వెలుగులోనే తీశాను. నాలుగేళ్ళలో నేను తీసినవాటిలో నాకు బాగా నచ్చింది అదే. మబ్బు వచ్చిపోయిన ప్రతిసారీ వెలుగు మారిందనుకోండి, అది వేరే తలనొప్పి.

ఇక ఫిర్యాదులు. లైటు లోపలి ఫ్యాను మొదటి ఏడాది వినపడేది కాదు, ఇప్పుడు దుమ్ము పట్టి గుయ్యిమంటోంది, మైకులో పడుతోంది. ఎండాకాలం సీలింగు ఫ్యాను ఎలాగూ ఆపాలి, దీన్ని ఆపలేం. పవర్ పది శాతం కంటే దించితే పట్టీలు వస్తాయి, అందుకే మరీ తగ్గించాల్సొస్తే సాఫ్ట్‌బాక్సుకి ఇంకో తెల్ల గుడ్డ కడతాను. రెండో ఏడాది అడాప్టరు పిన్ను దగ్గర వైరు తెగింది. సర్వీసు సెంటరువాళ్ళు అడాప్టరు మొత్తం మార్చాలన్నారు, మా వీధిలో టీవీలు బాగుచేసే ఆయన పది నిమిషాల్లో అతికించేశారు. సాఫ్ట్‌బాక్సు ఊచలు రెండు విరిగాయి, సైకిలు చువ్వలతో నడుస్తోంది. రంగు మాత్రం మారలేదు. ముఖం మొదటి రోజు ఎలా వచ్చిందో ఇప్పుడూ అలాగే వస్తోంది, డబ్బంతా అక్కడే గిట్టింది.

గదిలో ఒక మనిషిని తీసేవాళ్ళకి నిశ్చింతగా కొనమంటాను. మిట్టమధ్యాహ్నం అరుగు మీదో, వెనక కిటికీ తెరిచి బయట కొబ్బరితోట కనపడేలానో తీయాలనుకుంటే దీని జోలికి పోవద్దు, ఎండ ముందు ఇది అగ్గిపుల్ల. స్టాండు కాళ్ళ మీద వేయడానికి ఐదు కిలోల ఇసుక మూట ఒకటి కుట్టించుకోండి. ఒకసారి మనవడు వైరు తట్టుకుంటే లైటు వెళ్ళి తాతగారి కాఫీ గ్లాసు మీద పడింది.