ఇంట్లో కట్టిన వాల్వు ప్రీయాంప్, లోపలే బాస్ ఫిల్టరు: ఏళ్ల వాడకం తర్వాత

ఈ ప్రీయాంప్‌లో (పవర్ యాంప్‌కు ముందు సిగ్నల్‌ను పెంచే పెట్టె) ముందు మెచ్చుకోవలసింది వాల్వును కాదు, స్పీకరు పలకలేని మరీ లోతైన కంపనాలను కోసేసే ఫిల్టరును. పోర్టు (పెట్టెకు గాలి రంధ్రం) ఉన్న ఆరున్నర అంగుళాల స్పీకర్లు సాధారణంగా 45–60 హెర్ట్జ్ మధ్య ట్యూనై ఉంటాయి. అంతకు దిగువన పెట్టెలోని గాలి కోనును పట్టి ఉంచదు. శబ్దం రాదు గానీ కోను మాత్రం ఊగిపోతుంది. వంకర తిరిగిన ఎల్పీ వేసినా, బెంగళూరు చామరాజపేట రామనవమి పందిరి కచేరీల్లాంటి రికార్డింగుల్లో మైకుకు గాలి కొట్టినా ఇదే జరుగుతుంది. అలా ఊగే కోను మీద మృదంగం తొప్పి (లోతుగా మోగే ఎడమ వైపు) నాదం ముద్దగా వస్తుంది. ఫిల్టరు పెట్టాక తొప్పి దెబ్బ, దాని గుంకారం విడివిడిగా వినిపిస్తాయి. ఆ తేడా చిన్నది కాదు.

ఛానెల్‌కు ఒక ఈసీసీ82 (ఒకే గాజు గొట్టంలో రెండు వాల్వులు) చాలు. ప్రతి సగంలో కాథోడ్ ఎలక్ట్రాన్లను వదిలేది, ప్లేటు వాటిని అందుకునేది, గ్రిడ్ మధ్యలో ఉండి అదుపు చేసేది. మొదటి సగానికి ప్లేటు దగ్గర 47 కిలో ఓములు, కాథోడ్ దగ్గర బైపాస్ కెపాసిటరు లేని 1.5 కిలో ఓములు, 250 వోల్టుల సప్లై. ప్లేటు మీద 110–130 వోల్టులు కనిపించాలి. గెయిన్, అంటే సిగ్నల్ పెరిగేది, సుమారు 9 రెట్లు. రెండో సగం కాథోడ్ ఫాలోయర్ (సిగ్నల్‌ను పెంచకుండా కాథోడ్ నుంచి అందించే దశ), ఫిల్టరు దాని చుట్టూనే. ప్లేటు నుంచి గ్రిడ్‌కు రెండు 0.033 మైక్రోఫారడ్ కెపాసిటర్లు వరసగా పెట్టండి. వాటి నడిమి బిందువు నుంచి 100 కిలో ఓములు నేరుగా కాథోడ్‌కు, అంటే అవుట్‌పుట్ కెపాసిటర్‌కు ముందే, కలపండి. గ్రిడ్ నుంచి 220 కిలో ఓములు 100 వోల్టుల బయాస్‌కు (గ్రిడ్‌కు ఇచ్చే స్థిర వోల్టేజి) వెళ్లాలి. ఆ బయాస్‌కు సప్లై నుంచి 220, 150 కిలో ఓముల డివైడరు, దాని మీద 10 మైక్రోఫారడ్, 250 వోల్టుల కెపాసిటర్. కాథోడ్ నుంచి గ్రౌండ్‌కు 33 కిలో ఓములు. కట్ (ఏ హెర్ట్జ్ కింద ఫిల్టరు కోస్తుందో ఆ చోటు) దాదాపు 33 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. 10 హెర్ట్జ్ చెత్త పదో వంతుకు తగ్గుతుంది, 65 హెర్ట్జ్ దగ్గర మాత్రం అర డెసిబెల్ కూడా పోదు. లెక్క ప్రకారం గ్రిడ్ నుంచి బయాస్‌కు వెళ్లే రెసిస్టరు 200 కిలో ఓములే, కానీ ఫాలోయర్ గెయిన్ ఒకటి కన్నా కాస్త తక్కువ కాబట్టి 220తోనే వంపు సరిగ్గా కుదురుతుంది.

ఆ రెండు కెపాసిటర్లూ పాలీప్రొపిలీన్, 630 వోల్టులవి తీసుకోండి. నడుస్తున్నప్పుడు వాటి మీద వోల్టేజి తక్కువే. అయితే వాల్వు వేడెక్కే లోపు ప్లేటు 280 వోల్టులు దాటుతుంది, అవతలి వైపు ఇంకా సున్నా దగ్గరే ఉంటుంది. పదో ఇరవయ్యో కొని, మీటరుతో కొలిచి, రెండు ఛానెళ్లకూ దగ్గరి విలువలవి జత చేయండి.

సప్లైకి 200 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు, నాలుగు 1ఎన్4007 డయోడ్లు, మూడు 47 మైక్రోఫారడ్ 450 వోల్టుల కెపాసిటర్లు, వాటి మధ్య రెండు 1.2 కిలో ఓముల రెసిస్టర్లు. 220 కిలో ఓముల 2 వాట్ల బ్లీడరు (ఆపాక కెపాసిటర్లలో మిగిలిన ఛార్జిని ఖాళీ చేసే రెసిస్టరు) తప్పనిసరి. అది ఉన్నా సరే, ఆపాక మూడు నిమిషాలు ఆగి, మీటరు పెట్టి చూశాకే చెయ్యి పెట్టండి. ఛాసీకి మెయిన్స్ ఎర్త్ బిగించాలి.

అసలు తంటా హీటర్ల దగ్గర. ఫాలోయర్ కాథోడ్ 100 వోల్టుల పైన ఉంటుంది కాబట్టి, హీటరుకూ దానికీ మధ్య వోల్టేజి తేడా తగ్గేలా, హీటర్ సప్లైని 50 వోల్టులకు లేపి ఉంచాలి. 220, 56 కిలో ఓముల డివైడరు సరిపోతుంది. రెండు వాల్వుల 4, 5 పిన్నులకు 12.6 వోల్టుల డీసీ: 7812 (12 వోల్టుల రెగ్యులేటరు) గ్రౌండ్ కాలికి ఒక డయోడ్ కలిపితే వస్తుంది. 7812 వీపు రేకు దాని గ్రౌండ్ కాలే. మైకా, ప్లాస్టిక్ బుష్ లేకుండా ఛాసీకి బిగిస్తే ఆ 50 వోల్టులు అక్కడే గ్రౌండై, హమ్ మొదలవుతుంది. చాలా పెట్టెల్లో కారణం ఇదే. హమ్ 100 హెర్ట్జ్‌దైతే సప్లై రిపుల్ (డీసీలో మిగిలిపోయిన అలలు) చూడండి. 50 అయితే గ్రౌండ్ లూపు (రెండు దారుల్లో గ్రౌండ్ కలిసి చుట్టుగా ఏర్పడటం), లేదా ట్రాన్స్‌ఫార్మరు ఇన్‌పుట్ వైర్ల పక్కన ఉండటం.

అవుట్‌పుట్‌కు 2.2 మైక్రోఫారడ్, దాని తర్వాత 1 మెగా ఓమ్ గ్రౌండ్‌కు. కాథోడ్ వేడెక్కి 100 వోల్టులకు ఎక్కేటప్పుడు ఈ కెపాసిటరు గుండా పెద్ద తోపు వస్తుంది. అందుకే పవర్ యాంప్‌ను చివర వేయాలి, ముందు ఆపాలి. ఇంట్లో అందరూ వాడే సెట్టయితే 40 సెకన్ల ఆలస్యంతో రిలే పెట్టడం మేలు.

విడిభాగాలన్నీ బెంగళూరు ఎస్పీ రోడ్డులో దొరుకుతాయి, ట్రాన్స్‌ఫార్మరు మాత్రం చుట్టించుకోవాలి. జాలహళ్ళి భారత్ ఎలక్ట్రానిక్స్ 1961లో రేడియో వాల్వుల తయారీ మొదలుపెట్టింది. ఆ పాత సరుకు కనబడితే టెస్టరు మీద చూసి తీసుకోండి. అట్టపెట్టె కొత్తగా ఉందని నమ్మవద్దు. కొత్తగా తయారయ్యే జేజే ఈసీసీ82 ఎలాంటి పేచీ పెట్టలేదు.

వాడగా వాడగా ముందు చెడేవి వాల్వులు కావు. చవక కార్బన్ వాల్యూమ్ కంట్రోలు గరగరలాడుతుంది, తక్కువ వాల్యూంలో ఒక ఛానెల్ వెనకబడుతుంది. సాకెట్ కాంటాక్టులు వదులై చిటపటలాడతాయి. సన్నటి సూదితో బిగిస్తే చాలు. పెన్సిలుతో వాల్వును మెల్లగా తట్టినప్పుడు స్పీకర్లో గంటలా మోగితే అదే మైక్రోఫోనిక్స్, ఆ వాల్వు మార్చాలి.

అయిదంగుళాల చిన్న స్పీకర్లకైతే 0.022 వేసి కట్‌ను 49 హెర్ట్జ్‌కు తెచ్చుకోండి. పెద్ద సీల్డ్ పెట్టెలకు 0.047తో 23 చాలు.