కూలి చేసిన పూర్వీకుణ్ని వెతకాలంటే: సెన్సస్సా, చర్చి రిజిస్టరా?

ఇంగ్లండులో పొలం కూలీకో, నూలు మిల్లు కార్మికుడికో ఆస్తిపత్రాలూ వీలునామాలూ ఉండవు. అలాంటి ముత్తాతను వెతకడానికి సెన్సస్, పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం) చర్చి రిజిస్టర్లే ప్రధాన ఆధారం. ముందు సెన్సస్ తెరవమనే నేను చెబుతాను.

కారణం 1851 సెన్సస్. ఇంటి యజమానికి ఎవరు ఏమవుతారు, వయసెంత, ఏం పని చేస్తారు, ఏ పారిష్‌లో పుట్టారు, అన్నీ అందులో రాశారు. పుట్టిన ఊరు తెలిస్తే ఏ చర్చి రిజిస్టరు వెతకాలో తెలిసిపోతుంది. 1841 సెన్సస్‌ను మాత్రం అంతగా నమ్మలేం. పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసును చాలాచోట్ల ఐదుల లెక్కకు దించి రాశారు, 34 ఏళ్లవాడు 30 అయిపోయాడు. బంధుత్వం కాలమే లేదు. పుట్టిన ఊరికి బదులు అదే కౌంటీలో (మన జిల్లా లాంటిది) పుట్టారా, లేదా అన్నది మాత్రమే ఉంటుంది.

ఇక 1841కి ముందే చనిపోయినవాళ్ల విషయంలో సెన్సస్ ఏమీ చెయ్యలేదు. అక్కడ చర్చి రిజిస్టర్లే దిక్కు. అవి 1538లో మొదలయ్యాయి, కానీ అన్ని ఊళ్లలోనూ అంత పాతవి మిగల్లేదు. పాత బాప్తిస్మం పద్దుల్లో చాలావాటిలో 'విలియం కొడుకు జాన్' అని తప్ప ఇంకేమీ ఉండదు. ఊళ్లో ముగ్గురు విలియంలు ఉంటే ఎవరి కొడుకో తేల్చడం కష్టం. 1813 నుంచి అచ్చు ఫారాలు వచ్చాక తండ్రి వృత్తి, నివాసం కూడా చేరాయి. ఈ రిజిస్టర్లు ఇంగ్లండు అధికారిక చర్చి అయిన ఆంగ్లికన్ చర్చివి కాబట్టి, బాప్టిస్టులు, క్వేకర్లు లాంటి వేరే క్రైస్తవ శాఖలవాళ్ల పిల్లలు ఈ పుస్తకాల్లో కనబడకపోవచ్చు. పెళ్లిళ్లు అలా కాదు. 1754 నుంచి 1837 వరకు క్వేకర్లు, యూదులు తప్ప అందరూ ఆంగ్లికన్ చర్చిలోనే పెళ్లి చేసుకోవాలి. సంతకం రానివాళ్లు పెట్టిన ఇంటూ గుర్తు కూడా అక్కడ కనిపిస్తుంది.

అయితే పేదవాడి గురించి ఈ రెంటికన్నా ఎక్కువ చెప్పే కాగితం ఒకటుంది. 1662 చట్టం తర్వాత, సాయం కోరి వచ్చిన పేదవాణ్ని ఏ పారిష్ పోషించాలో తేల్చడానికి మేజిస్ట్రేట్లు విచారించేవాళ్లు. ఎక్కడ పుట్టాడు, ఎవరి దగ్గర ఏడాదిపాటు జీతానికున్నాడు, ఎవర్ని పెళ్లాడాడు, పిల్లలెందరు, అన్నీ రాసుకునేవాళ్లు. అన్ని ఊళ్లవీ మిగల్లేదు గానీ, దొరికితే అది ఆ మనిషి జీవితకథే. సాయం అడగాల్సిన అవసరం ఎన్నడూ రాని భూస్వామికి ఇలాంటి విచారణ పత్రం ఉండదు. అందుకే కౌంటీ ఆర్కైవ్స్‌కి వెళ్తే రిజిస్టర్లతో పాటు పేదల సహాయ పత్రాలు కూడా తప్పకుండా అడగండి.

వాల్తేరు, బెజవాడ వైపు రైల్వేల్లో పనిచేసిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాలకు ఈ పోలిక వర్తించదు. బ్రిటిష్ ఇండియా సెన్సస్‌లో ఇంటింటి పేర్ల కాగితాలు దాచలేదు. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల నుంచి లండన్‌కు పంపిన రిజిస్టరు నకళ్లు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వాళ్లు నేరుగా వాటితోనే మొదలుపెట్టాలి.