గొలుసు గుంజడమా, దూరం జరగడమా?

సాయంత్రం పూట మా కుక్క మల్లిని తీసుకుని పర్లాకిమిడి కోట వైపు నడుస్తుంటే, కుక్కలను పెంచుకునేవాళ్లు ఆపి అడిగే ప్రశ్న ఒకటుంది. తెలుగువాళ్లూ అదే అడుగుతారు, ఒడియావాళ్లూ అదే అడుగుతారు. ఎదురుగా ఇంకో కుక్క కనిపిస్తే చాలు, మాది తాడు తెంపుకునేంతగా ఎగబడుతోంది. గొలుసు గుంజి భయం చెప్పాలా, తిండి పెట్టి మచ్చిక చేయాలా అని. నేను రెండూ చేసి చూశాను.

గుంజితే బిగుసుకునే గొలుసుతో ఫలితం వెంటనే కనిపిస్తుంది. ఒక్కసారి లాగితే అరుపు ఆగుతుంది. మొదటి మూడు నెలలు నేనూ అదే పని చేశాను, ఇప్పటికీ తలచుకుంటే బాధగా ఉంటుంది. ఆ నొప్పి తన అరుపు వల్ల వచ్చిందని కుక్కకు తోచకపోవచ్చు. అప్పుడు దాని కళ్ల ముందున్నది ఎదుటి కుక్క. అది కనబడినప్పుడల్లా నా మెడ నొక్కుకుపోతోంది అని నేర్చుకుంటే భయం ఇంకా పెరుగుతుంది. పైగా దెబ్బకు జడిసి గుర్రుమనడం మానేసిన కుక్క మరీ ప్రమాదం. గుర్రుమనడం అంటే దగ్గరకు రావద్దని చెప్పడం. ఆ మాట నోట్లోనే నొక్కేస్తే ఒకనాడు ఏ హెచ్చరికా లేకుండా కరవవచ్చు. గొంతు గొట్టానికి దెబ్బ తగలడం సరేసరి.

తిండి పద్ధతిలో వరుస ముఖ్యం. ముందు ఎదుటి కుక్క కనబడాలి, ఆ వెంటనే ఉడికించిన కోడిమాంసం ముక్క, శనగగింజంతది, నోటికి అందాలి. పావ్లోవ్ అనే రష్యా శాస్త్రవేత్త కుక్కల కథ ఇదే, తిండికి ముందు ఒక చప్పుడు వినిపిస్తూ పోతే చివరికి ఆ చప్పుడుకే వాటికి నోరూరింది. అరిచే కుక్కకు తిండి పెడితే అరుపు నేర్పినట్టు కాదా అని మా వీధిలో ఒక పెద్దాయన అడిగారు. భయంతో అరిచే కుక్కకు తిండి పెడితే భయం పెరగదండీ, ఎదుటి కుక్క మీద దానికున్న అభిప్రాయం మెల్లగా మారుతుంది.

అయితే తిండి పెట్టినా పని జరగలేదని చెప్పేవాళ్లు ఎక్కువ. వాళ్లలో చాలామంది ఎదుటి కుక్కకు మరీ దగ్గరగా నిలబడి పెడుతున్నారు. నా అనుభవంలో అంతా దూరంలోనే ఉంది. మల్లి నోరు టక్కున మూసి, చెవులు ముందుకు పెట్టి, బరువంతా ముందుకాళ్ల మీదకు తెస్తే, మాంసం మూతికి ఆనించినా చూడదు. ముక్క జారి మట్టిలో పడుతుంది. అప్పుడు పది అంగలు వెనక్కి వస్తాను. ఒళ్లు ఒకసారి విదిలించుకుని ముక్క అందుకుంటుంది. అందుకునేటప్పుడు పళ్లు నా వేళ్లకు గుచ్చుకుంటే ఇంకో అయిదు అంగలు వెనక్కి. పెదవులతో మెత్తగా తీసుకుందంటే అదే మాకు సరైన చోటు. కొలబద్ద నా వేళ్ల మీదే ఉంది.

మన ఊళ్లలో చిక్కేమిటంటే, వీధి కుక్కలకు తాడు ఉండదు, దూరం మన చేతిలో ఉండదు. అందుకని వేళనూ దారినీ ఎంచుకోవాలి. ఆదివారం ఉదయం కోడిమాంసం దుకాణాల వైపు వెళ్లను. మహేంద్రతనయ ఒడ్డున ఖాళీగా ఉన్నచోట కుక్క ఎంత దూరాన ఉన్నా ముందే కనిపిస్తుంది, అక్కడికే వెళ్తాను. ఇరుకు సందులో తారసపడితే ఆగి ఉన్న ఆటో చాటుకు వెళ్లడం, లేదా ‘పద’ అని వెనుదిరగడం. ఈ ‘పద’ను ఇంటి వాకిట్లో, ఏ కుక్కా లేనప్పుడు నేర్పి ఉంచాలి. తాడు వదులుగానే ఉంచండి, పరుగు మాత్రం పెట్టవద్దు.

ఛాతీ దగ్గర తాడు తగిలించే కొక్కెం ఉండి, ఒంటికి తొడిగే బెల్టు (హార్నెస్) మంచిదే, మెడ మీద భారం పడదు. మూతికి తొడిగే బుట్ట, కరిచే అలవాటున్న కుక్కలకు. నోరు తెరిచి వగర్చడానికి వీలుండాలి. తాళ్లు బిగించి పట్టుకుని ముక్కూ ముక్కూ తాకించి స్నేహం చేయించడం వద్దే వద్దు. నెమ్మదిగా ఉండే కుక్క హఠాత్తుగా ఇలా మారితే ముందు పశువైద్యుడికి చూపించండి, ఎక్కడో నొప్పి ఉండవచ్చు.

మొదట్లో మల్లికి ముప్పై అంగలు కావలసి వచ్చేది. ఎనిమిది నెలలకు పన్నెండుకు వచ్చింది. స్టేషను దారిలో చెవి కొస కత్తిరించి ఉన్న ఒక నల్లకుక్క ఎదురైతే మాత్రం ఈనాటికీ ఇరవై కావాలి, ఆ ఇరవై వదిలే నడుస్తున్నాం.