పాత ఆర్‌ఎక్స్ 100కు రంగు కలిపిచ్చిన షాపు

మా నాయన నడిపిన యమహా ఆర్‌ఎక్స్ 100 ఇప్పుడు నా దగ్గరుంది. తయారీ 1996లోనే ఆగిపోయిన బండి. ట్యాంకు మీద గీతలకు టచప్ అడిగితే, ఒక దుకాణంలో 'నీలం అంటే నీలమే' అని స్ప్రే డబ్బా చేతిల పెట్టిండ్రు. తీసుకోలే.

హన్మకొండ చౌరస్తా దిక్కున కార్ల రంగులు కలిపే ఒక చిన్న షాపుంది. అక్కడి పెద్దమనిషి "సీటు ఇప్పు తమ్మీ" అన్నడు. సీటు కింద ఎండ తగలని రంగు వేరు, పైన వెలిసిన రంగు వేరు. గీత పక్కన రబ్బింగ్ కాంపౌండ్‌తో రుద్ది, మాసిన పొర పోయినంక బయటపడ్డ రంగుకే కలిపిండు. రేకు ముక్క మీద పూసి, ఆరబెట్టి, ఎండలకు తీసుకపోయి ట్యాంకు పక్కన పెట్టిండు. ట్యూబులైటు కింద సరిగ్గ ఉన్న రంగుకు బయట జర ఆకుపచ్చ ఛాయ కొట్టింది. ఒక్క చుక్క వయొలెట్ వేసిండు, కలిసిపోయింది! అంత ఓపిక ఎవరికుంటది?

పెట్రోలు పడితే మామూలు లాకర్ పెయింటు మెత్తబడి లేస్తది కాబట్టి, పైన గట్టిపడేటందుకు హార్డెనర్ కలిపిన టూకే క్లియర్ అనే రంగులేని పూత కొట్టించమన్నడు. డబ్బా కంటే ఖర్చెక్కువే, కానీ ఇయ్యొచ్చు. పగటిపూటనే పోండ్రి, బండి తీసుకొనే పోండ్రి.